తాతయ్య వేలిముద్ర పడిన కార్డు

ఈ ఉత్తరం టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక తల్లి రాశారు. నాలుగు పేజీలు, చాలా వివరంగా. ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని సంగతులు తీసేసి, ఆటగాడి పేరు కూడా దాచి, సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు ఒక్కడే కొడుకు, 14 ఏళ్లు. బేస్‌బాల్ అంటే ప్రాణం. వాడికి పదేళ్లప్పుడు తెనాలి నుంచి తాతయ్య, అంటే ఆమె తండ్రి, వచ్చి ఆ వేసవంతా మనవడి వెంట ఫ్రిస్కో స్టేడియానికి తిరిగారు. ఆటకు గంటన్నర ముందే వెళ్లి, రెయిలింగ్ దగ్గర నిలబడి, అటు వచ్చిన ప్రతి ఆటగాడికీ అతని బొమ్మ ఉన్న కార్డూ షార్పీ పెన్నూ అందించి సంతకం పెట్టించుకునేవారు. అప్పటి నుంచి ఏటా ఏప్రిల్లో ఆయన రావడం, సెప్టెంబరులో వెళ్లడం, మధ్యలో ఇదే పని. ఇప్పుడు పిల్లాడి బైండర్లలో 340 దాకా సంతకాల కార్డులున్నాయి. కొన్న సంతకం ఒక్కటీ లేదు.

వాటిలో ఒక కార్డుకు కథ ఉంది. ఆ సాయంత్రం పిల్లాడి చెయ్యి అందకపోతే తాతయ్యే ముందుకు వంగి కార్డు ఇచ్చారు. తిరిగి తీసుకునేటప్పుడు ఇంకు ఆరకముందే ఆయన బొటనవేలు తగిలి చివరి అక్షరం పులుముకుపోయింది. "సంతకం ఆయనది, వేలిముద్ర నాది" అని ఆయన ఇప్పటికీ ఫోన్‌లో అంటుంటారట. ఆ ఆటగాడు తర్వాత పై స్థాయి మేజర్ లీగ్ జట్టు టెక్సాస్ రేంజర్స్‌కు ఎదిగాడు. కార్డుకూ ధర పెరిగింది.

పోయిన అక్టోబరులో ఆమె భర్త ఉద్యోగం పోయింది. హెచ్-1బి కాబట్టి 60 రోజుల గడువు. ఈ సంగతి పిల్లాడికి చెప్పలేదు, తెనాలికీ చెప్పలేదు. ఆ భయంలో ఆయన ఇంట్లో ఉన్నవి ఒక్కొక్కటీ అమ్ముతూ, నవంబరులో ఆ కార్డును కూడా ఆన్‌లైన్‌లో 380 డాలర్లకు అమ్మేశారు. ఏడో వారంలో ఉద్యోగం దొరికింది. జనవరిలో, అదే కార్డు, అదే ఆటగాడి సంతకంతో, ఇంకెవరి దగ్గరో 210 డాలర్లకు కొని, బైండర్లో అదే అరలో పెట్టారు. "వాడికి తేడా తెలీదు. ఎంతైనా అట్టముక్కే కదా" అన్నారట. ఈమె ఒప్పుకోలేదు, అలాగని నోరూ విప్పలేదు. వచ్చే నెల పిల్లాడు కార్డ్ షోకు, అంటే కార్డులు కొని అమ్మే సంతకు వెళ్లి, తన దగ్గరున్న మేలైన పది కార్డులను సంతకాలు అసలువేనా అని చూసే పరీక్షకు ఇవ్వాలనుకుంటున్నాడు. అందులో ఇదీ ఉంది. మొన్న రాత్రి భర్త, "చివరి అక్షరం మీద కాస్త స్పిరిట్ రుద్దితే అచ్చం అలాగే అవుతుంది" అన్నారట. ఆ మాటకు భయం వేసి ఈ ఉత్తరం రాశానన్నారు. "వాడికి చెప్తే తండ్రిని క్షమిస్తాడా? చెప్పకపోతే నన్ను క్షమిస్తాడా?" అని అడిగారు.

అమ్మా,

మీరు అడిగింది చెప్పాలా వద్దా అని. కానీ మీ ఉత్తరం మూడో పేజీ అడుగున, వేరే విషయం రాస్తూ మధ్యలో ఒక వాక్యం రాసి వదిలేశారు: "ఈమధ్య మూడు ఆదివారాలుగా తాతయ్యతో వీడియో కాల్లో వీడు బైండర్ తీయట్లేదు, హోంవర్క్ ఉందంటున్నాడు." నేను అక్కడే ఆగిపోయాను.

నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం ఆ బైండర్ పేజీలు తిప్పి చూపించిన పిల్లాడు ఒక్కసారిగా మానేశాడు. కారణం నిజంగా హోంవర్కే కావచ్చు. ఆ వయసు పిల్లలు కాల్స్ తప్పించుకోవడమూ మామూలే. కానీ నా అనుమానం, వాడికి తెలిసిపోయింది. సొంతంగా సంతకాలు పోగేసే పిల్లలు కార్డును మనం చూసినట్టు చూడరు. మా అక్క కొడుకు న్యూజెర్సీలో ఇదే పిచ్చిలో పెరిగాడు. వాడి పెట్టెలోంచి ఏ కార్డు తీసి చూపినా అది ఏ రోజుదో, ఆటగాడు ఏ చేత్తో రాశాడో, పెన్ను ఎక్కడ ఆగిందో చెప్పేవాడు. మూల కాస్త నలిగితే ఎప్పుడు నలిగిందో కూడా చెప్పేవాడు. అలాంటి పిల్లాడికి, అందులోనూ తాతయ్య వేలిముద్రే గుర్తుగా ఉన్న కార్డు మారిపోతే తెలియదని మీ వారు ఎలా అనుకున్నారో నాకు అర్థం కాలేదు.

తెలిసి ఉంటే, మూడు వారాలుగా వాడు ఎందుకు ఊరుకున్నట్టు? మిమ్మల్నో, వాళ్ల నాన్ననో కాపాడుతూ ఉండి ఉంటాడు. తాతయ్య "ఏదిరా నా వేలిముద్ర, చూపించు" అంటే చూపించడానికి లేదు, లేదని చెప్పడానికీ లేదు. అందుకే హోంవర్క్. నా ఊహ తప్పయితే మంచిదే. ఒప్పయితే మాత్రం మీ ప్రశ్న మారిపోతుంది. ఈ బరువును ఆ పిల్లాడు ఒంటరిగా ఇంకెన్నాళ్లు మోయాలన్నదే మీరిద్దరూ తేల్చుకోవాల్సిన మాట.

ఇక మీ వారి సంగతి. ఆయన్ని దోషిగా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. 60 రోజుల్లో ఉద్యోగం దొరక్కపోతే ఇల్లు, కారు, పిల్లాడి బడి అన్నీ వదిలి విమానం ఎక్కాలన్న భయం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. ఆ వారాల్లో 380 డాలర్లు అంటే ఒక నెల కిరాణా. అమ్మడమే పాపం అని నేను అనను. 2024 క్రిస్మస్ నాడు లాస్ ఏంజెలెస్‌లో 11 ఏళ్ల పిల్లాడికి కొన్న కార్డుల ప్యాకెట్లో పాల్ స్కీన్స్ అనే ఆటగాడి కార్డు ఒకటి వచ్చింది. పిట్స్‌బర్గ్ పైరేట్స్ తరఫున ఆయన ఆడిన మొదటి ఆటలో వేసుకున్న జెర్సీ నుంచి తీసిన ముక్క, పక్కన సంతకం. అలాంటిది ప్రపంచంలో ఒక్కటే. మాకిస్తే 30 ఏళ్ల పాటు సీజన్ టికెట్లు ఇస్తామని ఆ జట్టే ముందుకొచ్చింది. ఆ కుటుంబం వద్దని వేలానికి పెడితే 2025 మార్చిలో 11 లక్షల డాలర్లు దాటింది. ఎవరూ వాళ్లను తప్పుపట్టలేదు. ఆ కార్డు ఆ పిల్లాడిది, వాడికి తెలియకుండా ఏదీ జరగలేదు. మీ ఇంట్లో లోపించింది ఆ ఒక్కటే. నవంబరులో కూర్చోబెట్టి "నాన్నకు ఉద్యోగం పోయింది, నీ కార్డు ఒకటి అమ్మనా" అని అడిగి ఉంటే, మీరు రాసినదాన్నిబట్టి ఆ పిల్లాడు నాలుగు తీసి చేతిలో పెట్టేవాడనిపిస్తోంది.

"అట్టముక్కే కదా" అన్నారే, ఆ మాట దగ్గర మాత్రం మీ వారితో నిదానంగా మాట్లాడాలి. మీ ఊళ్లో ఆడే రఫ్‌రైడర్స్ డబుల్-ఎ జట్టు, అంటే రేంజర్స్‌కు రెండు మెట్లు కింద ఉండేది. అక్కడి కుర్రాళ్లు ఇంకా పేరు లేనివాళ్లు. రేపు పైకి వెళ్తారో, ఇంటికి వెళ్తారో వాళ్లకే తెలియదు. అందుకే రెయిలింగ్ దగ్గర ఆగి పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడతారు. ఎవాన్ కార్టర్ అనే కుర్రాడు 2023లో వేసవి చాలావరకు ఫ్రిస్కోలోనే ఆడాడు. సెప్టెంబరులో రేంజర్స్‌లోకి వచ్చాడు, నవంబరు మొదటి రోజుకల్లా వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నాడు. జూలైలో చెయ్యి చాపితే అందిన మనిషి అక్టోబరులో టీవీలో కనిపిస్తే, ఆ సంతకం చేతిలో ఉన్న పిల్లాడికి ఎలా ఉంటుంది! 2024లో ఫ్రిస్కోలో బంతులు వేసిన కుమార్ రాకర్ సంగతీ మీరు రాశారు. వాళ్లమ్మగారిది భారతీయ మూలమని తెలిసి మీ నాన్నగారు "మన కుమార్" అని పిలవడం మొదలుపెట్టారన్నారు. ఆ సెప్టెంబరులో రేంజర్స్ తరఫున సియాటిల్ మీద తొలి ఆటలోనే రాకర్ నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగుర్ని బంతి కొట్టనివ్వకుండా స్ట్రైకౌట్ చేసిన రోజు మీ నాన్నగారు తెనాలిలో పొద్దున్నే లేచి కూర్చున్నారని కూడా రాశారు. ఇంగ్లిష్ అంతంతమాత్రమైన ఒక పెద్దాయన, తెలుగు అంతంతమాత్రమైన ఒక పిల్లాడు ఏ భాషలో దగ్గరయ్యారో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ భాషలో మొదటి మాట ఆ కార్డు.

మీ వారు ఏ ఏడు పుట్టారో రాయలేదు కానీ, 80ల చివరో 90ల మొదట్లోనో బడికి వెళ్లి ఉంటారు. బిగ్ ఫన్ బబుల్‌గమ్‌లో వచ్చే క్రికెటర్ల కార్డులు దాచుకున్న తరం. ఆయన కార్డులు ఏమయ్యాయో ఒకసారి అడగండి. ఎవరు పారేశారు, ఎప్పుడు పారేశారు అన్నది ఆయనకు ఇప్పటికీ గుర్తుంటే, మిగతాది మీరు వివరించక్కర్లేదు. అమెరికాలో ఒక తరం మగవాళ్లందరిదీ ఇదే బాధ: "కాలేజీకి వెళ్లి వచ్చేసరికి మా అమ్మ నా కార్డుల అట్టపెట్టె పారేసింది." 1952లో టాప్స్ కంపెనీ వేసిన, మికీ మాంటిల్ అనే పేరుమోసిన ఆటగాడి కార్డు ఒకటి 2022లో 1 కోటీ 26 లక్షల డాలర్లకు పోయింది కాబట్టి వాళ్లు డబ్బుకోసం ఏడుస్తున్నారని బయటివాళ్లు అనుకుంటారు. 70 ఏళ్ల వయసులో వాళ్లు మాట్లాడేది డబ్బు గురించి కాదమ్మా, తమను అడగలేదే అన్నదాని గురించి.

ఇప్పుడు ఆ కొన్న కార్డు. దీని సంగతి తొందరగా చూడాలి. బేస్‌బాల్ సంతకాల్లో నకిలీలు ఎంత పెద్ద వ్యాపారమో మీ వారికి తెలియకపోవచ్చు. 90ల చివర్లో ఎఫ్‌బీఐ 'ఆపరేషన్ బుల్‌పెన్' అని పెద్ద దాడే చేసింది. శాన్ డియాగో పాడ్రెస్ ఆటగాడు టోనీ గ్విన్, తన సొంత జట్టు దుకాణంలోనే తన దొంగ సంతకాలు అమ్ముతున్నారని గుర్తుపట్టి చెప్పాడు. ఆ దెబ్బతోనే మేజర్ లీగ్ బేస్‌బాల్ 2001 నుంచి, తమ మనిషి కళ్లెదుట పెట్టిన సంతకాలకు హోలోగ్రామ్ స్టిక్కర్ వేసే పద్ధతి పెట్టింది. కంపెనీయే ఆటగాడితో సంతకం చేయించి ప్యాకెట్లో పెట్టి అమ్మే కార్డులు వేరు, వాటికి కంపెనీ పూచీ ఉంటుంది. రెయిలింగ్ దగ్గర పెట్టించుకున్న సంతకానికి పూచీ ఎవరు? పెట్టించుకున్నవాడి కళ్లు. మీ అబ్బాయి 340 కార్డులకూ వాడే సాక్షి, మీ నాన్నగారు రెండో సాక్షి. మీ వారు కొన్నదానికి సాక్షి లేడు. దాంతో వచ్చిన సర్టిఫికెట్ పేరు విననిదంటున్నారు కాబట్టి, ఆ కాగితానికి విలువ ఇవ్వకండి.

కార్డ్ షోలో, సంతకాలు అసలువో కావో తేల్చే పీఎస్ఏ లాంటి కంపెనీల వాళ్లకు ఇస్తే వాళ్లు అక్షరాల ఒరవడి, పెన్ను ఒత్తిడి, ఎక్కడ ఆగి ఎక్కడ సాగిందో అసలు సంతకాలతో పోల్చి చూస్తారు. ఇది నిలబడకపోతే? "నా కళ్లముందు పెట్టాడు" అని ఆ పిల్లాడు బల్ల దగ్గర నిలబడి చెప్తాడు, వాళ్లు కాదంటారు. లేదా ఏమీ తెలియక, తోటి పిల్లాడితో మార్చుకుంటాడు. ఆ లోకం చిన్నది. 14 ఏళ్ల పిల్లాడికి అక్కడ ఉన్న ఆస్తి కార్డులు కావు, "వీడి దగ్గర ఉన్నవన్నీ చేత్తో తెచ్చుకున్నవే" అన్న మాట. అది ఒక్కసారి పోతే మిగతా 339ని కూడా అనుమానంగా చూస్తారు. స్పిరిట్ రుద్దడం సంగతి అయితే, అది ఇంకో తప్పు మాత్రమే కాదు, ఇంకో మెట్టు దిగడం. ఇప్పటిదాకా జరిగింది భయంలో జరిగింది. అది మాత్రం తాతయ్య వేలిని నకలు చేయడం. ఆ మాట ఆయన నిజంగా అన్నారో, రాత్రిపూట అలసి అన్నారో, మీరు మాత్రం గట్టిగా వద్దనండి.

మీ ముందున్న దారులు నాకు కనిపించినంతవరకు చెప్తాను. ఎంచుకోవాల్సింది మీరిద్దరూ.

ఏమీ చెప్పకుండా కార్డ్ షోకు మాత్రం ఆ కార్డు వెళ్లకుండా ఏదో సాకు చెప్పి ఆపొచ్చు. కొన్నాళ్లు గడుస్తుంది. ఏప్రిల్లో మీ నాన్నగారు దిగుతారు. మొదటి రోజు సాయంత్రమే బైండర్ అడుగుతారు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వేలిముద్ర కోసం వెతుకుతుంటే మీరు ముగ్గురూ ఆ గదిలో ఉంటారు. ఈ దారిలో నిజం బయటపడదని కాదు, ఎప్పుడు బయటపడాలో మీ చేతిలో ఉండదు.

మీరే చెప్పేయొచ్చు. మీ మనసు తేలికపడుతుంది. కానీ తండ్రి లేనప్పుడు తల్లి చెప్తే, పిల్లాడు మీ పక్షం, ఆయన ఒంటరి. కొడుకు ముఖం చూడలేక ఆయన ఇంకా ముడుచుకుంటారు. మీవారు ససేమిరా అంటే తప్ప ఈ దారి పట్టకండి. పట్టాల్సి వస్తే కూడా, "ఈ శనివారంలోగా మీరు చెప్పకపోతే నేను చెప్తాను" అని ఆయనకు ముందే చెప్పి చేయండి. భర్తకు ద్రోహం చేసినట్టవుతుందా అని అడిగారు. ముందే చెప్పి చేసేది ద్రోహం కాదు.

ఆయనే చెప్పడం. నాకు ఇదే మేలనిపిస్తోంది, కష్టం కూడా ఇదే. ఇంట్లో కాకుండా, ఇద్దరే కారులో వెళ్తున్నప్పుడు అయితే సులువు. ఎదురెదురుగా చూసుకోనక్కర్లేదు. ఉద్యోగం పోయిన సంగతితో మొదలుపెట్టాలి, ఎందుకంటే అసలు దాచింది అదే, కార్డు దాని వెనకాల వచ్చింది. తర్వాత అమ్మింది, ఆ తర్వాత ఇంకోటి కొని పెట్టింది. ఆ మూడోదే పిల్లాడికి ఎక్కువ గుచ్చుకుంటుంది, దాన్ని మింగేయొద్దని చెప్పండి. "నీకోసమే చేశాను" అనే మాట రానివ్వకూడదు, అది వింటే పిల్లాడికి కోపం తెచ్చుకునే హక్కు కూడా లేకుండా పోతుంది. "నిన్ను అడగాల్సింది, అడగలేదు" చాలు. పిల్లాడు అరవొచ్చు, తలుపు వేసుకోవచ్చు, "నాకు ఎప్పుడో తెలుసు" అని ఒక్క మాట అని కిటికీలోంచి చూస్తూ కూర్చోవచ్చు. కొన్ని వారాలు ఇంట్లో అన్నం సయించదు. క్షమిస్తాడా అంటే, ఎప్పటికి అన్నది నేను చెప్పలేను. మీరు కూడా ఆ రోజే సాయంత్రం వాడి దగ్గరికి వెళ్లి, మీకు జనవరి నుంచి తెలుసన్న సంగతి మీ నోటితోనే చెప్పండి. అది వాళ్ల నాన్న చెప్పాల్సింది కాదు.

అమ్మిన కార్డును వెనక్కి తెచ్చుకునే ప్రయత్నం కూడా చేయొచ్చు. ఆన్‌లైన్‌లో అమ్మారు కాబట్టి కొన్నవాళ్లకు సందేశం పంపే వీలుంటుంది. జరిగింది ఉన్నది ఉన్నట్టు, తాతయ్య సంగతితో సహా, నాలుగు వాక్యాల్లో రాయండి. బేరం ఆడకండి. పులుముకున్న సంతకానికి బజారులో విలువ తగ్గుతుంది, కాబట్టి కొన్న మనిషికి దానిమీద మరీ మమకారం లేకపోవచ్చు. కార్డులు పోగేసేవాళ్లలో చాలామందికి ఇలాంటి కథ విలువ తెలుసు. అయినా ఇవ్వనంటే అది వాళ్ల హక్కు, వాళ్లు డబ్బిచ్చి కొన్నారు. కానీ ఈ పని పిల్లాడికి చెప్పాకే మొదలుపెట్టండి. దొరికాక బహుమతిలా ఇచ్చి అప్పుడు చెబుదాం అనుకుంటే, అది జనవరిలో చేసినదానికి రెండో భాగం అవుతుంది. ఆ ఉత్తరాన్ని పిల్లాడినే రాయనిస్తే ఇంకా మంచిది. వాడు రాయనంటే బలవంతం వద్దు.

కొన్న కార్డును వెనక్కి పంపే గడువు ఇంకా ఉందేమో ఈ రోజే చూడండి. ఉంటే పంపేయండి. లేకపోతే బైండర్లోంచి తీసి విడిగా, మీ వారి బల్ల సొరుగులో పెట్టండి. మళ్లీ అమ్మొద్దు, ఇంకో ఇంట్లో ఇంకో పిల్లాడి బైండర్లోకి చేరుతుంది. ఖాళీ అయిన అరలో ఏం పెట్టాలన్నది మీ అబ్బాయికి వదిలేయండి.

చివరగా తెనాలి. మీ వారికి అన్నిటికన్నా ఎక్కువ భయం మామగారికి తెలుస్తుందని, అది మీరు రాయకపోయినా ఉత్తరం నిండా ఉంది. ఉద్యోగం పోయిన సంగతి అల్లుడే ఫోన్ చేసి చెప్పాలి, ఇప్పుడు దొరికింది కాబట్టి చెప్పడం అంత కష్టం కాదు. కార్డు సంగతి మాత్రం మీ ఇద్దరిలో ఎవరూ చెప్పకండి. అది తాతామనవళ్ల వ్యవహారం. చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో, అసలు వద్దో మీ అబ్బాయి తేల్చుకుంటాడు. వాడు ఏది తేల్చుకున్నా, తాతయ్య అడిగితే మీరు అబద్ధం ఆడరని మాత్రం వాడికి ముందే చెప్పి ఉంచండి.

ఏప్రిల్ మొదట్లో ఫ్రిస్కోలో సీజన్ మొదలవుతుంది. మీ నాన్నగారు వచ్చిన వారానికి మొదటి ఆట ఎప్పుడో చూసి మూడు టికెట్లు తీయండి, మూడోది మీ వారికి. అక్కడ బుల్‌పెన్, అంటే బంతులు వేసేవాళ్లు ఆటకు ముందు సాధన చేసే చోటు, ప్రేక్షకుల సీట్ల మధ్యనే ఉంటుంది, బంతి గ్లవ్‌లో పడే చప్పుడు చెవి పక్కనే వినిపిస్తుంది. ఆయన ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ రెయిలింగ్ దగ్గర నిలబడలేదని మీరే రాశారు. పిల్లాడు రానివ్వకపోతే ఆ రోజుకు వెనక వరసలో కూర్చోమనండి. పోయినేటి షార్పీ ఆరిపోయి ఉంటుంది, కొత్తది కొనిపెట్టుకోండి.